సీజన్ పనివాళ్లకు లీవెక్కడిది? జీతంతో సెలవులపై అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో పీఎఫ్, ఈఎస్‌ఐ, మస్టర్ రోలు (హాజరు పట్టీ) లెక్కలు చూసిపెట్టడం నా పని. నా దగ్గరికి ఓనర్లూ వస్తారు, పనివాళ్లూ వస్తారు. లీవు విషయంలో మాత్రం ఇద్దరివీ ఒకటే అపోహలు.

అపోహ: టెంపరరీ, కాంట్రాక్టు వాళ్లకు లీవుండదు.
వాస్తవం: పర్మనెంటా కాదా అని చట్టం అడగదు, ఎన్ని రోజులు పనిచేశారో చూస్తుంది. పాత ఫ్యాక్టరీల చట్టంలో ఏడాదికి 240 రోజులు నిండాలి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టం (వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్) దాన్ని 180 చేసింది. ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు జీతంతో సెలవు.

అపోహ: 180 నిండకుండా మానేస్తే ఏమీ రాదు.
వాస్తవం: ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేసిన ఒకామె, సీజన్ అయిపోయాక, రసం మరకలున్న హాజరు కార్డు సంచిలోంచి తీసి నా టేబుల్ మీద పెట్టింది. టిక్కులు లెక్కపెడితే 72. "మేం సీజన్ వాళ్లం కదా సార్, మాకు లీవెక్కడిది?" అంది. 72ను 20తో భాగిస్తే 3.6, అర రోజు దాటితే పూర్తి రోజు కిందే లెక్క, కాబట్టి 4 రోజుల జీతం. మీరే మానేసినా, వాళ్లే తీసేసినా ఆ డబ్బు రెండో పనిదినం దాటకుండా ఇవ్వాలి. అకౌంటెంట్‌కు ఫోన్ చేస్తే "ఇంతవరకు ఎవరూ అడగలేదు సార్" అన్నాడు. అడగలేదని ఇవ్వలేదట!

అపోహ: బ్రహ్మోత్సవాల రష్‌లో వీక్లీ ఆఫ్ పోతే పోయినట్టే.
వాస్తవం: లాడ్జీ నిండిపోయి, కింద లగేజీతో జనం నిలబడి ఉంటే ఆఫ్ ఇవ్వడం కష్టమే, ఓనర్లను నేను తప్పుపట్టను. కానీ పదిమంది, ఆపైన పనిచేసే చోట ఆ ఆఫ్‌ను అదే నెలలోనో, తర్వాతి రెండు నెలల్లోనో తిరిగివ్వాలి. చేతిలో పెట్టిన లడ్డూ దానికి బదులు కాదు.

అపోహ: ఏడాది సర్వీసు ఉంటేనే ప్రసూతి సెలవు.
వాస్తవం: కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేస్తే చాలు. మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు, తర్వాత 12.

పోలింగ్ రోజు సెలవుకు జీతం కోయకూడదు, దీని మీద వాదనే అక్కర్లేదు.

అపోహ: వాడని లీవు డిసెంబర్ 31తో లాప్స్.
వాస్తవం: 30 రోజుల దాకా వచ్చే ఏడాదికి వెళ్తుంది. మీరు అడిగినా వాళ్లు ఇవ్వకపోతే ఆ పరిమితి కూడా ఉండదు. అందుకే లీవు నోటితో అడక్కండి, వాట్సాప్‌లో అడగండి, "ఇప్పుడు కుదరదు" అన్న జవాబు కూడా అక్కడే రానివ్వండి.