సలహాకు పిలిచారు, అధికారం ఇవ్వలేదు: ఆస్ట్రేలియా బాలల నిర్బంధ కేంద్రాల్లో ఆబరిజినల్ నాయకత్వం

2024 అక్టోబరులో ఆస్ట్రేలియాలోని నార్తర్న్ టెరిటరీ శాసనసభ నేర బాధ్యత వయసును 12 ఏళ్ల నుంచి మళ్లీ 10 ఏళ్లకు తగ్గించింది. మన దగ్గర ఐదో తరగతి చదివే వయసున్న పిల్లవాణ్ని అక్కడ పోలీసులు అరెస్టు చేయవచ్చు, కోర్టులో నిలబెట్టవచ్చు, నిర్బంధ కేంద్రానికి పంపవచ్చు. ఆ వయసును 12కు పెంచిన సవరణ 2023 ఆగస్టులోనే అమల్లోకి వచ్చింది. ప్రభుత్వం మారడంతో ఏడాది దాటిన కొద్దికాలానికే రద్దయింది. ఈ మార్పు ఎవరి పిల్లల మీద పడుతుందో అక్కడ అందరికీ తెలుసు. ఆ టెరిటరీ నిర్బంధ కేంద్రాల్లో ఉండేవారు దాదాపు అందరూ ఆబరిజినల్ (ఆస్ట్రేలియా మూలవాసుల) పిల్లలే, కొన్ని రోజుల్లో నూటికి నూరుమంది వారే. దేశం మొత్తం మీద 10 నుంచి 17 ఏళ్ల వయసువారిలో మూలవాసుల పిల్లలు నూటికి ఆరుగురి వరకు ఉంటే, నిర్బంధంలో ఉన్న ఆ వయసువారిలో సగానికి పైగా వారే ఉన్నారు.

ఈ అన్యాయాన్ని పరిశీలించడానికి ఆస్ట్రేలియా నాలుగు దశాబ్దాలుగా కమిషన్లు వేస్తూనే ఉంది. ఆబరిజినల్ పిల్లల గురించిన నిర్ణయాల్లో ఆబరిజినల్ ప్రజలకే అధికారం ఉండాలని ఆ కమిషన్లు మాటలు మార్చి మళ్లీ మళ్లీ చెప్పాయి. ప్రభుత్వాలు మాత్రం ఎక్కువగా కొత్త ఉద్యోగాలతో సరిపెట్టాయి. అనుసంధాన అధికారులు వచ్చారు, సాంస్కృతిక సలహాదారులు వచ్చారు, వారానికో నెలకో లోపలికి వెళ్లి పిల్లలతో మాట్లాడే పెద్దలు వచ్చారు. వారు చేసిన మేలు చిన్నది కాదు. అయితే పిల్లవాణ్ని ఒంటరి గదిలో ఎంతసేపు ఉంచాలో, అమ్మమ్మ అంత్యక్రియలకు పంపాలో వద్దో, విడుదలయ్యాక ఎవరి ఇంటికి చేర్చాలో తేల్చే సంతకం వారిది కాలేదు. సలహాకూ సంతకానికీ మధ్య ఉన్న ఈ దూరమే మొత్తం చరిత్రకు మూలమని నా అభిప్రాయం.

ఆ దూరం నిర్బంధ కేంద్రాలతో మొదలుకాలేదు. విక్టోరియా 1869లోనే ఆబరిజినల్ ప్రజల ‘రక్షణ’ పేరుతో చట్టం చేసి, వారు ఎక్కడ నివసించాలో, పిల్లలు ఎవరి సంరక్షణలో ఉండాలో నిర్ణయించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1905 నాటి చట్టం చీఫ్ ప్రొటెక్టర్ అనే ఒక్క అధికారిని 16 ఏళ్లలోపు ఆబరిజినల్ పిల్లలందరికీ చట్టబద్ధ సంరక్షకుణ్ని చేసింది, తల్లిదండ్రులు బతికి ఉన్నా సరే. న్యూ సౌత్ వేల్స్‌లో 1915 సవరణ తర్వాత పిల్లల్ని తీసుకుపోవడానికి అక్కడి ఆబరిజినల్ రక్షణ బోర్డుకు కోర్టు ఉత్తర్వు కూడా అవసరం లేకపోయింది. కెంప్సీ సమీపంలో 1924 నుంచి 1970 వరకు నడిచిన కిన్చెలా బాలుర హోంలో పిల్లల్ని పేర్లతో కాక నంబర్లతో పిలిచేవారు. అక్కడ పెరిగినవారు ఆ నంబర్లను ముసలితనంలోనూ మరిచిపోలేకపోయారు. 1910 నుంచి 1970 వరకు సాగిన ఈ వేరుచేతలో ప్రతి ముగ్గురిలో ఒకరు నుంచి ప్రతి పదిమందిలో ఒకరి వరకు ఆబరిజినల్ పిల్లలు కుటుంబాలకు దూరమై ఉంటారని 1997లో సర్ రోనాల్డ్ విల్సన్, మిక్ డాడ్సన్ నేతృత్వంలోని జాతీయ విచారణ అంచనా వేసింది. దానికి దేశం తరఫున ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2008 ఫిబ్రవరి 13న.

ఈ వేరుచేతకూ జైలుకూ ఉన్న సంబంధం అంతకుముందే రుజువైంది. 1980 జనవరి నుంచి 1989 మే వరకు పోలీసు కస్టడీలోనూ జైళ్లలోనూ బాలల నిర్బంధ కేంద్రాల్లోనూ సంభవించిన 99 ఆబరిజినల్ మరణాలను పరిశీలించిన రాయల్ కమిషన్ (ప్రభుత్వం నియమించే ఉన్నత స్థాయి విచారణ సంఘం) 1991లో తుది నివేదిక ఇచ్చింది. ఆ 99 మందిలో 43 మంది బాల్యంలో కుటుంబం నుంచి వేరుచేయబడినవారే. 339 సిఫారసుల్లో 62వది నేరుగా పిల్లల గురించినది. ఆబరిజినల్ పిల్లలు సంక్షేమ శాఖ చేతిలోకీ నేరన్యాయ వ్యవస్థలోకీ వెళ్లే రేటును తగ్గించే మార్గాలను ప్రభుత్వాలు ఆబరిజినల్ సంస్థలతో కూర్చుని చర్చించి రూపొందించాలని అది కోరింది. అంటే ఇంటి నుంచి తీసుకుపోయే శాఖనూ, జైల్లో పెట్టే శాఖనూ ఆ కమిషన్ ఒకే దారిలోని రెండు మజిలీలుగా చూసింది. తర్వాత వచ్చిన ప్రభుత్వాలు మాత్రం ఆ రెండింటినీ వేర్వేరు ఫైళ్లుగానే ఉంచాయి.

నార్తర్న్ టెరిటరీ అయితే 1997లో ఆస్తి నేరాలకు తప్పనిసరి శిక్షల చట్టం తెచ్చి సిఫారసుకు పూర్తిగా ఎదురు నడిచింది. 2000 ఫిబ్రవరిలో, గ్రూట్ ఐలాండ్ నుంచి వచ్చిన తల్లిదండ్రులు లేని 15 ఏళ్ల బాలుడు డార్విన్‌లోని డాన్ డేల్ బాలల నిర్బంధ కేంద్రంలో ఉరివేసుకుని మరణించాడు. పెన్నులు, రంగుల వంటి చిన్న వస్తువులు దొంగిలించినందుకు అతనికి పడిన శిక్ష 28 రోజులు. విడుదలకు కొన్ని రోజులే మిగిలి ఉన్నాయి. ఆ చట్టం మరుసటి ఏడాది పోయింది, నిర్బంధ కేంద్రం మిగిలింది.

కోర్టుల్లో మాత్రం ఈ కాలంలో ఒక మంచి ప్రయత్నం మొదలైంది. 1999లో అడిలైడ్ శివారు పోర్ట్ అడిలైడ్‌లో నుంగా కోర్టు, 2002లో విక్టోరియాలోని షెపర్టన్‌లో కూరీ కోర్టు వచ్చాయి. నుంగా, కూరీ అన్నవి ఆయా ప్రాంతాల ఆబరిజినల్ ప్రజలు తమను తాము పిలుచుకునే పేర్లు. 2005లో మెల్‌బోర్న్‌లో పిల్లల కోసం ప్రత్యేకంగా కూరీ కోర్టు ఏర్పడింది. అక్కడ మేజిస్ట్రేటు ఎత్తైన పీఠం దిగి ఒక బల్ల దగ్గర కూర్చుంటారు. ఆ బల్ల చుట్టూ ఆబరిజినల్ పెద్దలు, పిల్లవాడు, వాళ్ల అమ్మో అమ్మమ్మో, లాయరు, పోలీసు ప్రాసిక్యూటరు ఉంటారు. పెద్దలు పిల్లవాడితో అతని కుటుంబాన్ని ఎరిగినవారిగా మాట్లాడతారు, మందలిస్తారు, అతను ఎవరి మనవడో గుర్తుచేస్తారు. మామూలు కోర్టులో తలొంచుకుని ఒక్క మాటా మాట్లాడని పిల్లలు ఈ బల్ల దగ్గర నోరు విప్పుతారు. ఇంత విలువైన ఏర్పాటులోనూ శిక్ష నిర్ణయించేది మేజిస్ట్రేటే. పెద్దలు సలహా మాత్రమే చెప్పగలరు. పైగా నేరం ఒప్పుకున్నవారికే ఇక్కడ ప్రవేశం. శిక్ష పడి నిర్బంధ కేంద్రం గేటు దాటిన తర్వాత ఆ బల్లకు చట్టపరంగా ఏ పాత్రా లేదు. క్వీన్స్‌ల్యాండ్‌లో ఇదే తరహా ముర్రి కోర్టులను 2012లో వచ్చిన ప్రభుత్వం ఖర్చు పేరుతో మూసేసింది, 2016లో తర్వాతి ప్రభుత్వం తెరిచింది. ఒక్క బడ్జెట్ నిర్ణయంతో మాయమయ్యే స్థానాన్ని నాయకత్వ స్థానం అని పిలవడం కష్టం.

గేటు లోపల ఏం జరుగుతోందో దేశం కళ్లారా చూసింది 2016 జులై 25 రాత్రి. డాన్ డేల్‌లో పిల్లలపై బాష్పవాయువు ప్రయోగించిన దృశ్యాలనూ, తలకు ముసుగు తొడిగి కుర్చీకి కట్టేసిన బాలుణ్నీ ఆస్ట్రేలియా ప్రభుత్వ ప్రసార సంస్థ ఏబీసీ టెలివిజన్ చూపించింది. మర్నాడే ప్రధాని మాల్కమ్ టర్న్‌బుల్ రాయల్ కమిషన్ ప్రకటించారు. మొదట నియమించిన విశ్రాంత న్యాయమూర్తి కొద్దిరోజులకే తప్పుకోగా, ఆ స్థానంలో మార్గరెట్ వైట్‌తో పాటు ఆబరిజినల్ నాయకుడు మిక్ గూడా కమిషనర్లయ్యారు. 2017 నవంబరులో వచ్చిన నివేదిక డాన్ డేల్‌ను మూసేయమంది, నేర బాధ్యత వయసును 12కు పెంచమంది, ఆబరిజినల్ సంస్థల భాగస్వామ్యాన్ని కోరింది. బాలల నిర్బంధ బాధ్యత అంతకుముందు 2016లోనే జైళ్ల శాఖ నుంచి కుటుంబ సంక్షేమ శాఖకు మారింది.

ఇక్కడ సంస్కృతికి తగిన సంరక్షణ అంటే ఏమిటో కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే గోడ మీద ఆబరిజినల్ శైలి చుక్కల బొమ్మ వేయించి, ఏడాదికో ఉత్సవం జరిపి, అదే సంరక్షణ అనుకునే అలవాటు అధికార యంత్రాంగాలకు ఉంది. మారుమూల ఎడారి ప్రాంతం నుంచి వచ్చిన పిల్లవాడికి ఇంగ్లిషు మూడో భాషో నాలుగో భాషో కావచ్చు. ఆ ప్రాంతాల పిల్లల్లో చిన్ననాటి చెవి ఇన్ఫెక్షన్ల వల్ల వినికిడి లోపం చాలా ఎక్కువ. గార్డు అరిచిన ఆదేశం సరిగా వినపడని, వినపడినా అర్థం కాని పిల్లవాడు రికార్డులో మాట వినని మొండివాడవుతాడు. పెద్దల కళ్లలోకి సూటిగా చూడకపోవడం అతని ఇంట్లో మర్యాద, ఇక్కడ ధిక్కారం. తల్లి అక్కచెల్లెళ్లంతా అతనికి తల్లులే. పెద్దమ్మనూ పిన్నినీ తల్లి తర్వాత తల్లిగా చూసే మనకు ఇది వింతగా తోచదు. కానీ ములాఖత్ జాబితాలో ‘దగ్గరి బంధువు’ అన్న గడి ఆ తల్లులను బయటే నిలబెట్టగలదు. ఊళ్లో ఎవరైనా చనిపోతే వారాల తరబడి సాగే సంతాప కర్మలను వారు సారీ బిజినెస్ అంటారు. అందులో పాల్గొనలేకపోవడం ఆ పిల్లవాడికి తన బాధ్యత తప్పినట్టే, ఆ దుఃఖం గదిలో ఒంటరిగా మోయాల్సిందే. ఇలాంటివి తెలిసిన మనిషి కేంద్రంలో ఉంటే సరిపోదు. నిబంధనను ఆ రోజే పక్కనబెట్టి ఫోను కలిపించే, ప్రయాణం ఏర్పాటు చేయించే హోదా ఆ మనిషికి ఉండాలి.

పెర్త్ శివారులోని బాంక్సియా హిల్ ఈ లోటుకు అత్యంత బాధాకరమైన ఉదాహరణ. 2012 నుంచి పశ్చిమ ఆస్ట్రేలియా అంతటికీ అదొక్కటే బాలల నిర్బంధ కేంద్రం, కాబట్టి కింబర్లీ ప్రాంతపు పిల్లలు రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంటారు. అక్కడి 99 మంది పిల్లల్ని పరీక్షించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి 89 మందికి కనీసం ఒక తీవ్రమైన నాడీ వికాస లోపం ఉన్నట్టు, 36 మందికి గర్భంలో ఉన్నప్పటి మద్యం ప్రభావం వల్ల వచ్చే రుగ్మత ఉన్నట్టు తేలింది. ఆ పిల్లల్ని సిబ్బంది కొరత పేరుతో రోజుకు ఇరవైకి పైగా గంటలు గదుల్లో బంధించిన సందర్భాలు ఉన్నాయి. అలాంటి లాక్‌డౌన్లు చట్టవిరుద్ధమని రాష్ట్ర సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పింది. అదే ఏడాది జులైలో కొందరిని కాసువరినా అనే పెద్దల జైల్లోని యూనిట్ 18కి తాత్కాలికమంటూ తరలించారు. 2023 అక్టోబరులో అక్కడి గదిలో తనను తాను గాయపరచుకున్న 16 ఏళ్ల ఆబరిజినల్ బాలుడు కొన్ని రోజుల తర్వాత ఆస్పత్రిలో చనిపోయాడు. ఆ రాష్ట్రంలో బాలల నిర్బంధంలో సంభవించిన మొదటి మరణం అది.

అధికారం అప్పగిస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు ఆధారాలు లేకపోలేదు. న్యికినా, మంగళా, కరజారీ, వాల్మజారీ భాషల పెద్దలు 2000 ప్రాంతంలో కింబర్లీలో మొదలుపెట్టిన యిరిమాన్ కార్యక్రమం, దారి తప్పుతున్న యువకులను ఊరికి దూరంగా పూర్వీకుల నేల మీదికి రోజుల తరబడి నడిపించి తీసుకుపోయేది. ఎవరు రావాలో, ఎటు నడవాలో, ఏ కథ ఎక్కడ చెప్పాలో పెద్దలే నిర్ణయించేవారు. న్యూ సౌత్ వేల్స్‌లోని బర్క్ పట్టణంలో మరాంగుకా పేరుతో ఆబరిజినల్ నాయకులు 2013 నుంచి పోలీసులనూ శాఖలనూ తమ బల్ల దగ్గరికి రప్పించారు. 2017లో అక్కడ పిల్లలపై ఎక్కువగా నమోదయ్యే ఐదు రకాల నేరాల్లో కేసులు 38 శాతం తగ్గాయని కేపీఎంజీ అనే సలహా సంస్థ మదింపు తేల్చింది. ఆ ఊరికి తర్వాతా కష్టాలు వచ్చాయి, అయినా ఆ లెక్కను కొట్టిపారేయడానికి లేదు.

చట్టపరంగా చూస్తే అందరికన్నా ముందుకు వెళ్లింది విక్టోరియా. 2005 నాటి బాలల చట్టంలోని 18వ సెక్షన్ ప్రకారం, సంరక్షణ ఉత్తర్వు కింద ఉన్న ఆబరిజినల్ పిల్లవాడి విషయంలో శాఖాధిపతికి ఉండే అధికారాలను ఒక ఆబరిజినల్ సంస్థ ప్రధానాధికారికి బదలాయించవచ్చు. 1970లలో మోలీ డయర్ పూనికతో పుట్టిన విక్టోరియా ఆబరిజినల్ బాలల సంరక్షణ సంస్థ ఆ అధికారాలను మొదటగా అందుకుంది, అదీ 2017లో. చట్టంలో వాక్యం ఉన్నా అమలుకు పన్నెండేళ్లు పట్టిందన్నమాట. ఆ సంస్థ అధికారిణి చేసే సంతకానికి ఇప్పుడు శాఖాధిపతి సంతకానికి ఉన్నంత విలువ ఉంది. అయితే ఇది సంరక్షణలో ఉన్న పిల్లలకే వర్తిస్తుంది. అదే పిల్లవాడు నిర్బంధ కేంద్రంలోకి వెళితే లోపలి రోజువారీ జీవితంపై ఆ సంతకం చెల్లదు.

2020 జులైలో అన్ని ప్రభుత్వాలూ ఆబరిజినల్ సంస్థల కూటమితో కలిసి చేసుకున్న జాతీయ ఒప్పందం, 2031 నాటికి పిల్లల నిర్బంధ రేటును కనీసం 30 శాతం తగ్గిస్తామని, నిర్ణయాధికారాన్ని పంచుకుంటామని రాసింది. ప్రభుత్వాలు ఆ మాటను చాలావరకు నిలబెట్టుకోలేదని, కొంత పట్టు వదులుకోక తప్పదని ఆస్ట్రేలియా ప్రభుత్వ సలహా సంస్థ అయిన ఉత్పాదకత కమిషన్ 2024 ఫిబ్రవరిలో తేల్చి చెప్పింది. ఆ ఏడాది చివర్లో నార్తర్న్ టెరిటరీ బాలల నిర్బంధాన్ని తిరిగి జైళ్ల శాఖకే అప్పగించింది. 2025లో, నిర్బంధం చివరి మార్గంగానే ఉండాలన్న సూత్రాన్ని చట్టం నుంచి తీసేసింది. ఆబరిజినల్ పిల్లల కోసం జాతీయ కమిషనర్ పదవి కూడా 2025లోనే మొదలైంది. ఆ కమిషనర్ విచారించగలరు, నివేదించగలరు, ప్రభుత్వాన్ని నిలదీయగలరు. నిర్బంధ కేంద్రాల తాళాలు మాత్రం రాష్ట్రాల, టెరిటరీల శాఖల దగ్గరే ఉన్నాయి.