ఒకే పోలిక, వేరే జన్యువులు: చర్మంలోని రెండు బి-కణ లింఫోమాలు

పాశ్చాత్య దేశాల లెక్కల్లో చర్మ లింఫోమాల్లో, అంటే చర్మంలో పుట్టే తెల్ల రక్తకణాల క్యాన్సర్లలో, సుమారు ముప్పావు వంతు టి-కణాలవి (టి-కణాలు, బి-కణాలు రెండూ రోగనిరోధక తెల్ల రక్తకణాలే). మిగిలిన బి-కణ రకాల్లో రెండు పెథాలజిస్టులను, అంటే కణజాలాన్ని పరీక్షించి జబ్బును తేల్చే వైద్యులను, బాగా తికమక పెడతాయి. ఫాలికిల్ సెంటర్ లింఫోమా ఎక్కువగా తల మీదో వీపు మీదో ఎర్రటి గడ్డగా లేచి నిదానంగా పెరుగుతుంది. ‘లెగ్ టైప్’ వృద్ధుల్లో, అందులోనూ స్త్రీలలో ఎక్కువ. మోకాలి కింద వేగంగా ఉబ్బుతుంది. పేరును మరీ నమ్మకూడదు, పదింట ఒకటైనా కాలి మీద కాక వేరే చోట వస్తుంది.

లెగ్ టైప్‌లోలాగే ఫాలికిల్ సెంటర్ రకంలోనూ పెద్ద కణాలే నిండి ఉంటే మైక్రోస్కోపు ఒక్కటే తేల్చలేదు. పొరబడితే చికిత్సే మారిపోతుంది. ఫాలికిల్ సెంటర్ రకానికి తరచూ ఆ గడ్డ వరకు 24–30 గ్రే (రేడియేషన్ మోతాదు కొలమానం) రేడియేషన్ చాలు. ఐదేళ్ల తర్వాత దాదాపు 95 శాతం మంది బతికే ఉంటారు. లెగ్ టైప్‌కు, శరీరం తట్టుకోగలిగితే, ఆర్-చాప్ అనే ఐదు మందుల కీమో ఇస్తారు. అయినా ఐదేళ్లు దాటేవారు ఇంచుమించు సగం మందే.

లెగ్ టైప్ కేసుల్లో సగానికి పైగా ఎంవైడీ88 జన్యువులో ఒక్క అక్షరం తప్పుతుంది. దాంతో ప్రోటీన్‌లో 265వ స్థానంలో లూసిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు ప్రోలిన్ చేరుతుంది. సూక్ష్మజీవులు సోకడం వంటి సందర్భాల్లోనే మేల్కోవాల్సిన ఎన్ఎఫ్-కప్పా-బి అనే కణంలోని సంకేతం ఆగకుండా మోగుతూ ఉంటుంది. చాలామందిలో 9వ క్రోమోజోమ్ మీద కణ విభజనను అదుపు చేసే సీడీకేఎన్2ఏ జన్యువు కూడా ఊడిపోతుంది. ఫాలికిల్ సెంటర్ రకంలో ఈ రెండు మార్పులూ అరుదు.

పరీక్షలో తప్పులు ఎక్కువగా నమూనా దగ్గరే మొదలవుతాయి. గడ్డ లోతుగా ఉంటే గుండ్రటి చిన్న కత్తితో ముక్క తీసే పంచ్ బయాప్సీ పైపొరతోనే ఆగిపోవచ్చు. కొవ్వు పొర దాకా కోసి తీసిన ముక్క మేలు. అందులో కంతి కణాలు ఐదో వంతు కూడా లేకపోతే జన్యువు అక్షరాలను చదివే మామూలు శాంగర్ సీక్వెన్సింగ్ ఎంవైడీ88 మార్పును పట్టలేకపోవచ్చు; ఆ ఒక్క మార్పునే వెతికే పీసీఆర్ (డీఎన్ఏ ముక్కను పెంచి చూసే పరీక్ష) నయం. ఎంవైడీ88 నెగెటివ్ వచ్చినంత మాత్రాన లెగ్ టైప్ కాదనలేం. అప్పుడు కణాల్లోని బీసీఎల్2, మమ్1, ఐజీఎం ప్రోటీన్లకు పట్టే రంగులు చూడాలి; లెగ్ టైప్‌లో మూడూ సాధారణంగా గట్టిగా పడతాయి. అయితే చుట్టూ చేరిన మామూలు టి-కణాలకూ బీసీఎల్2 రంగు అంటుకుంటుంది. వాటిని కంతి కణాలుగా లెక్కేయడం తరచూ జరిగే పొరపాటు.

ఫాలికిల్ సెంటర్ అనుకున్న గడ్డలో బీసీఎల్2 బలంగా పడి, క్రోమోజోముల మీద మెరిసే గుర్తులు అతికించి చూసే ఫిష్ పరీక్షలో 14, 18 క్రోమోజోముల ముక్కలు తారుమారైనట్టు తేలితే, అది చర్మంలోనే పుట్టిందా అని అనుమానించాలి. లింఫ్ గ్రంథుల్లో వచ్చే ఫాలికులర్ లింఫోమాలో ఆ మార్పు మామూలే, చర్మంలో పుట్టినదానిలో తక్కువ. గ్రంథుల్లోని జబ్బు చర్మానికి పాకిందేమో శరీరమంతా చూపే పెట్-సీటీ స్కాన్‌తో చూశాకే రేడియేషన్ మొదలుపెట్టాలి.