ఆస్ప్రే ఎందుకు పడిపోయిందో చెబుతాను

పిల్లలూ,

మొన్న మీరు ఫోన్‌లో "తాతయ్యా, సిమ్యులేటర్‌లో ఆస్ప్రే నిలువుగా బాగానే లేచింది, రోటర్లు ముందుకి వంచగానే నేలకి కొట్టుకుంది" అన్నప్పటి నుంచి ఇది రాయాలనుకుంటున్నాను. ఫోన్‌లో చెబితే సగం గుర్తుండదు, అందుకే ఉత్తరం. పక్కన పెట్టుకుని మెల్లగా చదవండి.

ఆస్ప్రే అంటే రెక్క చివర్లలోని రోటర్లు, అంటే పెద్ద ఫ్యాన్లు, పైకి తిప్పితే హెలికాప్టర్‌లా లేచి, ముందుకి వంచితే విమానంలా ఎగిరేది. ముందు అది ఎందుకు పడిందో చూద్దాం. రెక్క చివర్లలో ఇంజిన్, రోటర్ కలిసి తిరిగే భాగం ఉంది కదా, దాన్ని నాసెల్ అంటారు. నాసెల్స్ నిటారుగా 90 డిగ్రీల్లో ఉన్నప్పుడు బరువంతా రోటర్లే మోస్తాయి. అప్పుడు రెక్క సాయం చేయదు సరికదా, రోటర్ల గాలి దాని మీద పడి విమానాన్ని కొంచెం కిందికి నొక్కుతుంది కూడా. నాసెల్స్ పూర్తిగా వాలి 0కి వచ్చాక మోసేది రెక్క, రోటర్లు ముందుకి లాగుతాయి. అంటే మధ్యలో ఎక్కడో ఆ బరువు ఒకరి భుజం మీంచి ఇంకొకరి భుజానికి మారాలి. రెక్క ఒక్కటే మోయాలంటే ఆస్ప్రేకి సుమారు 110 నాట్ల (గంటకు దాదాపు 200 కిలోమీటర్ల) కన్నా ఎక్కువ వేగం కావాలి. మీకు ఆ వేగం రాకముందే రోటర్లు వంచేశారు. రెక్క ఇంకా అందుకోలేదు, రోటర్లు వదిలేశాయి.

ఏ కోణంలో ఎంత వేగం ఉండాలో చెప్పే హద్దుల మధ్య దారిని కన్వర్షన్ కారిడార్ అంటారు. దాన్ని కనిపెట్టడానికి ఇంజినీర్లకే ఏళ్లు పట్టింది. ఇలాంటిదే బెల్ కంపెనీ ప్రయోగ విమానం ఎక్స్‌వీ-3 మొదట ఎగిరింది 1955లో, రోటర్లను పూర్తిగా వాల్చి విమానంలా ఎగరగలిగింది మాత్రం 1958 డిసెంబరులో. తర్వాత 1977లో ఎక్స్‌వీ-15 వచ్చింది, మీ ఆస్ప్రే 1989 మార్చి 19న మొదటిసారి ఎగిరింది. మీకు ఒక్క సాయంత్రంలో రాలేదని దిగులు పడకండి.

ఇక సాధన. అందరూ నేల మీంచి నిలువుగా లేవడంతో మొదలుపెడతారు. నా ఉద్దేశంలో అది తప్పు, ఎందుకంటే అన్నిటికన్నా కష్టమైనది అదే. ఫ్లైట్‌ను గాల్లోనే మొదలుపెట్టండి, 3,000 అడుగుల ఎత్తు, 200 నాట్ల వేగం, నాసెల్స్ 0. అలా ఉన్నప్పుడు అది మామూలు విమానమే. రెండు మూడు రోజులు మలుపులు తిప్పండి, ఎత్తు మారకుండా పట్టుకోండి. ఆ తర్వాత విడిగా హోవర్, అంటే గాల్లో ఒకే చోట నిలపడం. ఈ రెండూ చేతికి వచ్చాకే మధ్య దారి జోలికి వెళ్లండి.

నాసెల్స్ తిప్పడానికి రెండు బటన్లు పెట్టుకోండి, థ్రాటిల్ (పవర్ పెంచే లివర్) మీద బొటనవేలికి అందేలా. అసలు ఆస్ప్రేలో కూడా నాసెల్స్ తిప్పే చక్రం పైలట్ బొటనవేలి కిందే ఉంటుంది. ఇంకో మంచి సంగతి, హెలికాప్టర్‌లో ఎడమచేతి లివర్ పైకి లాగితే పైకి లేస్తుంది, ఆస్ప్రేలో లివర్ ముందుకి తోస్తే పవర్ పెరుగుతుంది. కాబట్టి మీ దగ్గరున్న మామూలు థ్రాటిల్ దీనికి చక్కగా సరిపోతుంది.

హోవర్‌లో చూపు దూరంగా పెట్టండి, ముక్కు కింద నేలను చూస్తే చేతులు కంగారు పడతాయి. కొంచెం కదపండి, ఆగండి, ఏం జరిగిందో చూసి మళ్లీ కదపండి. ముందుకి పాకాలంటే స్టిక్ తోయక్కర్లేదు, నాసెల్స్ 85కి తెస్తే చాలు, ముక్కు వంగకుండానే కదులుతుంది. ఆపాలంటే 90 దాటించండి. అవి 97 డిగ్రీల దాకా వెనక్కి వెళ్తాయి, బ్రేక్‌లా పనిచేస్తాయి. నాకు ఈ విమానంలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

రెండిటినీ కలిపే రోజున రన్‌వే మీద నాసెల్స్ 75 దగ్గర పెట్టి, పరుగెత్తించి లేపండి. కొన్ని డిగ్రీలు వంచి వేగం పెరిగేదాకా ఆగండి, మళ్లీ కొన్ని డిగ్రీలు. ఎత్తు తగ్గుతున్నట్టు కనిపిస్తే టెన్షన్ పడి స్టిక్ లాగొద్దు, బొటనవేలు ఆపండి, అవసరమైతే రెండు డిగ్రీలు వెనక్కి తిప్పండి. అసలు ఆస్ప్రే ఈ మార్పును 12 సెకన్లలో చేయగలదు, మీరు ఒక నిమిషం తీసుకోండి.

తిరిగి దిగడం ఇంకా ఓపిక అడుగుతుంది. నాకు మొదట్లో ప్రతిసారీ రన్‌వే వెనక్కి పోయేది, కారణం ఆలస్యంగా మొదలుపెట్టడమే. ఇప్పుడు 5 మైళ్ల ముందే 180 నాట్లకు తగ్గించుకుని నాసెల్స్ లేపడం మొదలుపెడతాను. వాటిని 0లో ఉంచి మాత్రం దిగకూడదు, ఒక్కో రోటర్ అడ్డంగా 11 మీటర్లకు పైనే ఉంటుంది, నేలకి తగులుతుంది.

ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. వేగం 40 నాట్లలోపు ఉన్నప్పుడు నిమిషానికి 800 అడుగుల కన్నా తొందరగా దిగొద్దు. అలా దిగితే రోటర్ తను కిందికి తోసిన గాలిలోనే చిక్కుకుని పట్టు కోల్పోతుంది. ఒక వైపు రోటర్‌కే అలా అయితే విమానం ఆ వైపుకి బోర్లా పడుతుంది. 2000 ఏప్రిల్‌లో అరిజోనాలోని మరానా దగ్గర ఇలాగే ఒక ఆస్ప్రే కూలి 19 మంది అమెరికా మెరీన్ సైనికులు చనిపోయారు. అది ఆ హద్దుకు రెట్టింపు కన్నా తొందరగా దిగుతూ ఉండింది. అందులోంచి బయటపడాలంటే నాసెల్స్‌ను ముందుకి వంచి కొత్త గాలిలోకి వెళ్లాలి, అందుకు కింద ఎత్తు మిగిలుండాలి. మీ సిమ్యులేటర్ మోడల్‌లో ఇది కనిపించకపోయినా సరే, దిగేటప్పుడు కన్ను దిగే వేగం చూపే సూది మీదే ఉండాలి.

ఒక సరదా పరీక్ష కూడా చేయండి. బాగా ఎత్తులో, విమానంలా ఎగురుతూ ఒక ఇంజిన్ ఆపేయండి. మోడల్ సరిగ్గా చేసి ఉంటే రెండు రోటర్లూ తిరుగుతూనే ఉంటాయి, రెక్క లోపల వాటిని కలిపే షాఫ్ట్ ఉంది మరి.

ఆదివారం ఫోన్ చేస్తాను. అప్పటిదాకా హోవర్ జోలికి వెళ్లకండి, 200 నాట్ల దగ్గర ఎత్తు చెదరకుండా ఎన్ని మలుపులు తిప్పారో చెప్పండి చాలు.

మీ
తాతయ్య