కుక్క ఉంటే ఇల్లివ్వరా? నెల్లూరు అద్దె ఇళ్ల అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో ఇళ్లు అద్దెకు కుదిర్చే పని నాది. మాగుంట లేఅవుట్ నుంచి వేదాయపాళెం దాకా, దర్గామిట్ట నుంచి పొదలకూరు రోడ్డు దాకా ఎక్కడ టు-లెట్ బోర్డు కనపడినా బండి ఆపేస్తాను. ఒకప్పుడు ఫోన్ చేసినవాళ్లు ముందు నీళ్ల సంగతి అడిగేవాళ్లు. ఇప్పుడు "మాకు కుక్క ఉందన్నా, ఇస్తారా?" అన్నాకే మిగతా మాటలు. ఓనర్లేమో "ఆ కుక్కల జోలి మనకెందుకు సామీ, ఎవరైనా ఫ్యామిలీని చూడు" అంటారు. ఆ కుక్క ఉన్నదీ ఒక ఫ్యామిలీకేనని చెప్పినా చెవికెక్కదు. తప్పుడు నమ్మకాలు రెండు వైపులా ఉన్నాయి.

అపోహ: కుక్క ఉందని ఇల్లివ్వకపోవడం చట్టవిరుద్ధం.

వాట్సాప్‌లో వచ్చిన ఫార్వర్డ్ పట్టుకుని ఓనర్‌తో గొడవకి దిగేవాళ్లున్నారు. అందులో సగమే నిజం. జంతు సంక్షేమ బోర్డు 2015 ఫిబ్రవరిలో మార్గదర్శకాలు ఇచ్చిన మాట వాస్తవం. అవి ముఖ్యంగా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల కోసం. మెజారిటీ ఓటు ఉన్నా సరే పెంపుడు కుక్కలు ఉండకూడదని తీర్మానం చేయకూడదు, లిఫ్ట్ ఎక్కనివ్వం అనకూడదు, లిఫ్ట్ వాడినందుకు విడిగా డబ్బులు అడగకూడదు. ఫ్లాట్ ఓనర్ ఒప్పుకుని తాళాలు ఇచ్చాక సెక్రటరీ పైకొచ్చి "మా దగ్గర కుక్కలు కుదరవు" అంటే ఆ కాగితం చూపించొచ్చు. గొలుసు పట్టుకుని తిప్పండి, కింద చేసింది ఎత్తేయండి అంటే మాత్రం మారుమాట్లాడకుండా చేయాల్సిందే.

ఇల్లు ఎవరికివ్వాలన్నది మాత్రం ఓనర్ ఇష్టం. కుక్క ఉన్నవాళ్లకి ఇచ్చి తీరాలని ఆయన మెడలు వంచే చట్టం లేదు. మూలాపేట వైపు మడి, ఆచారం పాటించే ఇళ్లలో మేడ మీద పోర్షన్ ఉంటుంది, మాంసం వండకూడదు అంటారు. వాళ్లతో వాదన వద్దు. కుక్కకి పెట్టే ప్యాకెట్ తిండిలో కూడా చాలావరకు కోడిమాంసం ఉంటుందని చెప్పండి. సరే అంటే చేరండి, లేదంటే పక్క వీధిలో చూద్దాం.

అపోహ: చిన్న కుక్క అయితే ఇబ్బంది లేదు, పెద్దదైతేనే తలనొప్పి.

ఓనర్లు అడిగే మొదటి ప్రశ్న "ఎంత ఉంటది?" అని చేత్తో ఎత్తు చూపిస్తూ. అడగాల్సింది అది కాదు. పగలు ఇంట్లో మనిషి ఉంటారా అని అడగాలి. పక్కింటివాళ్ల దగ్గర్నుంచి నాకొచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ పామరేనియన్ల మీదే. లాబ్రడార్ చాలాసార్లు గడప దగ్గర పడి నిద్రపోతుంది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లి, సాయంత్రం దాకా ఒక్కదాన్నే వదిలేస్తే ఏ కుక్కయినా అరుస్తుంది. గేటు సందులోంచి రోడ్డు కనిపిస్తుంటే ఇంకా ఎక్కువ. కింద భాగానికి ఒక రేకు కొట్టిస్తే సగం అరుపులు తగ్గుతాయి.

అరుస్తోందని మేడ మీద కట్టేయడం ఇంకా పెద్ద తప్పు. మే నెలలో మన ఊళ్లో డాబా మీద చెప్పుల్లేకుండా నిలబడి చూడండి, తెలుస్తుంది. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలు ఆ వేడికి చచ్చిపోతాయి కూడా. పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేసి ఉంచడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. ఇల్లు దొరకలేదని కుక్కని ఊరి బయట వదిలేసి రావడం కూడా ఆ చట్టంలో నేరమే. అందులో మొదటిసారికి జరిమానా 50 రూపాయలు మించదు. అందుకే ఎవరూ భయపడరు.

అపోహ: జంతువులుంటే ఇల్లు సర్వనాశనం.

ఇక్కడ ఓనర్ల భయం పూర్తిగా తప్పు కాదు. కాకపోతే వాళ్లు చూసేది ఒకటి, పాడయ్యేది ఇంకొకటి. గోడల గురించి దిగులు పడతారు. గోడలకు ఎలాగూ ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరు చెప్పి అడ్వాన్స్‌లో పట్టుకుంటారు కదా. ముందు పోయేది దోమల మెష్. నెల్లూరు దోమల సంగతి వేరే చెప్పాలా, ప్రతి కిటికీకీ మెష్ ఉంటుంది, పిల్లి దాని మీద గోళ్లు వేసి పైకి పాకుతుంది. రెండోది బెడ్‌రూమ్ తలుపు. బయట నిలబెట్టి తలుపేస్తే కుక్క కాళ్లతో గీకుతుంది. అడుగు ఎత్తు వరకు సన్‌మైకా లేచిపోయి, లోపలి చెక్క తెల్లగా బయటపడుతుంది. చేరిన రోజే తలుపు కింది భాగానికి ప్లాస్టిక్ షీట్ అతికిస్తే చాలు. మెష్ మార్చడానికయ్యే ఖర్చు మీదేనని ముందే ఒప్పుకోండి.

వాసన విషయానికొస్తే, చేపల పులుసు వాసనకి అడ్డు చెప్పని ఊరు మనది, పిల్లి వాసనకి మాత్రం ముక్కు మూసుకుంటుంది. మూత్రం పడ్డ చోట బ్లీచింగ్ చల్లకండి. మూత్రంలో ఉండే అమ్మోనియాతో కలిసి ఘాటైన విషవాయువు వస్తుంది. ఫినాయిల్ పిల్లులకి మంచిది కాదు. తుడిచిన నేల మీద నడిచి, ఆ పాదాలే నాకుతుంది. ఎంజైమ్ క్లీనర్లు ఇందుకే ఉన్నాయి, కాస్త ఖరీదైనా పనిచేస్తాయి.

ఎవరూ చూడనిది గోమార్లు. కుక్క ఒంటి మీద కనిపించేవి కొన్నే. ఆడ గోమారు కడుపు నిండా రక్తం తాగి కిందికి దిగి, గోడ పగుళ్లలో, తలుపు చట్రం సందుల్లో వేలల్లో గుడ్లు పెడుతుంది. కుక్క వెళ్లిపోయాక, కొత్తవాళ్లు చేరాక, గోడ మీద చిన్న చిన్న చుక్కలు పాకుతుంటాయి. ఓనర్ మళ్లీ జన్మలో కుక్కున్నవాళ్లకి ఇల్లివ్వడు. కుక్కకి నెలనెలా మందు వేయించండి. ఖాళీ చేసే ముందు సందుల్లో పెస్ట్ కంట్రోల్ వాళ్లతో కొట్టించి, ఆ బిల్లు ఓనర్ చేతికివ్వండి. అడ్వాన్స్ వెనక్కి రావడానికి నాకు తెలిసిన దగ్గరి దారి ఇదే.

అపోహ: ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే పిల్లి ఉండకూడదు.

కూతురు కాన్పుకి పుట్టింటికొస్తోందని, పైన అద్దెకున్నవాళ్ల పిల్లిని తీసేయమన్న ఓనర్లు నాకు తెలుసు. భయం టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. అది పిల్లిని ముట్టుకుంటేనో, పిల్లి గాలి సోకితేనో వచ్చేది కాదు. వ్యాధి సోకిన పిల్లి మలంలో దాని గుడ్లు పడతాయి, అవి అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. పిల్లి పెట్టెని రోజూ శుభ్రం చేస్తే, అదీ గర్భిణి కాకుండా వేరేవాళ్లు చేస్తే, ముప్పు చాలావరకు పోతుంది. సరిగ్గా ఉడకని మాంసం, కడగని ఆకుకూరల వల్ల కూడా అది వస్తుంది. ఇంకా అనుమానముంటే ఆమెని చూసే డాక్టరమ్మనే అడగండి.

అపోహ: ముందు చేరిపోతే, తర్వాత చెప్పుకోవచ్చు.

"మా తమ్ముడి కుక్క, రెండు రోజులుంటది" అని మొదలై ఏళ్ల తరబడి ఉండిపోయిన తమ్ముడి కుక్కలు ఈ ఊళ్లో చాలానే ఉన్నాయి. ఓనర్‌కి కోపం తెప్పించేది కుక్క కాదు, దాచడం. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడే టీకా కార్డు తీసుకెళ్లండి. రేబిస్ టీకా మూడు నెలల వయసులో మొదలుపెట్టి, బూస్టర్ తర్వాత ఏటా వేయించాలి. జులై 6న జూనోసిస్ దినం సందర్భంగా ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. కింద ఓనర్ గారి మనవలు ఆడుకునే ఇల్లయితే ఆ కార్డే సగం పని చేసిపెడుతుంది. అయినా గోరు గీరుకుంటే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. కారం, సున్నం రాయొద్దు.

అగ్రిమెంట్ ఎలాగూ 11 నెలలకే రాస్తాం. అందులో "డ్యామేజీ ఉంటే కట్టుకోవాలి" అన్న ఒక్క ముక్క చాలదు. ఏ జంతువు, ఎన్ని, మెష్, తలుపు ఎవరి ఖర్చు, పెయింటింగ్‌కి ఎంత అన్నది విడివిడిగా రాయించండి. చేరే రోజు ప్రతి తలుపూ ఫోటో తీసి ఓనర్‌కే వాట్సాప్ పెట్టండి. మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకి అద్దెదారు బాధ్యుడు కాడని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే చెబుతోంది. గొడవొచ్చిన రోజు ఆ ఫోటోలే మాట్లాడతాయి.

అపోహ: చిలుకకి, తాబేలుకి ఎవరి పర్మిషన్ అక్కర్లేదు.

ఓనర్లు వీటిని నవ్వుతూ ఒప్పుకుంటారు. కానీ మన రామచిలుకని పంజరంలో పెంచడం, కలిసొస్తుందని నక్షత్ర తాబేలుని తొట్టిలో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అటవీ శాఖవాళ్లు వస్తే ఓనర్‌కీ టెన్షనే. లవ్‌బర్డ్స్ అని బజారులో అమ్మే బడ్జీలకి ఆ బెడద లేదు. అవి తెల్లారకముందే మొదలుపెట్టే గోల గురించి మాత్రం అడ్వాన్స్ ఇచ్చే ముందే ఓనర్ చెవిన వేయండి.