డ్రగ్స్ ఇళ్లపై అమెరికా నగరాల దావాలు: వేశ్యాగృహాల చట్టం నుంచి నేటి దాకా

కాలిఫోర్నియాలో ఒక ఇల్లు డ్రగ్స్ అడ్డా అని కోర్టులో తేలితే, ఆ పనికి వాడిన సామానుతో పాటు సంగీత వాయిద్యాలనూ బయటికి తీయించి అమ్మించాలని చట్టం చెబుతుంది. డ్రగ్స్ వ్యాపారంలో వాయిద్యాలకేం పని? ఆ మాట వేశ్యాగృహాల మీద తెచ్చిన చట్టాల నుంచి వచ్చింది. మనిషిని జైలుకు పంపడం కంటే భవనాన్ని మూయించడం మేలన్న ఆలోచనతో అయోవా 1909లో ఒక చట్టం చేసింది. 1913లో కాలిఫోర్నియా అదే బాట పట్టింది. 1972లో ఆ నమూనానే డ్రగ్స్‌కు వర్తింపజేసింది.

ఇలా ఇల్లు మూయించమని కోరే కేసు సివిల్ దావా. ప్రభుత్వ న్యాయవాదులైన సిటీ అటార్నీ, డిస్ట్రిక్ట్ అటార్నీలే కాదు, స్థానికులు కూడా వేయవచ్చు. సందేహానికి తావులేని రుజువు అక్కర్లేదు, సాక్ష్యం ఎటు మొగ్గితే అటే తీర్పు. ఆ ఇంటికి ఊళ్లో ఉన్న పేరు కూడా సాక్ష్యమే. నెగ్గితే ఏడాది వరకు మూత, 25,000 డాలర్ల దాకా జరిమానా. అయితే మూసే ముందు ఏ పాపం తెలియని అద్దెదారులు ఎక్కడికి పోతారో జడ్జి ఆలోచించాలి.

కేసు బలమంతా ఫైలులోనే ఉంటుంది: తేదీలతో అరెస్టులు, ఇంట్లోనే జరిగిన కొనుగోళ్లు, ఇరుగుపొరుగు అఫిడవిట్లు, యజమానికి నోటీసు అందిన రుజువు. వీధి మలుపులో జరిగిన అరెస్టును ఆ ఇంటి ఖాతాలో రాసినా, వేరే ఊళ్లో ఉండే యజమానికి అద్దె ఇంటి చిరునామాకే నోటీసు పంపినా కేసు వీగిపోవచ్చు. అసలు చాలాచోట్ల దావా దాకా పోనక్కర్లేదు. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో పోలీసులు, నగర తనిఖీ అధికారులు కలిసి యజమానులపై ఒత్తిడి తెచ్చారు. 1995లో మొదలైన ప్రయోగంలో, అలా చేసిన చోట్ల డ్రగ్స్ ఫిర్యాదులు తగ్గాయి.

రుజువు భారం తేలికైన చోట అన్యాయమూ తేలికే. టైమ్స్ స్క్వేర్ సెక్స్ వ్యాపారాన్ని అణచడానికి న్యూయార్క్ 1977లో చేసిన చట్టంతో, అవతలి పక్షం వాదన వినకముందే ఇళ్లకు తాళాలు పడ్డాయి. 2016లో పత్రికలు ఇది బయటపెట్టాక, 2017లో నగర మండలి ఆ అధికారానికి కోత పెట్టింది. పెన్సిల్వేనియాలోని నోరిస్‌టౌన్‌లోనైతే, ఒక ఇంటికి నాలుగు నెలల్లో మూడుసార్లు పోలీసులు రావాల్సి వస్తే, యజమాని అద్దెకిచ్చే లైసెన్సుకే ముప్పు ఉండేది. దాంతో ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీలు, యజమాని ఖాళీ చేయిస్తాడని అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయడానికే భయపడ్డారు. ఇది ఘోరం. అందుకే 2022 ఫెడరల్ చట్టం, కొన్ని ఫెడరల్ నిధులు తీసుకునే స్థానిక ప్రభుత్వాలు అత్యవసర సాయం కోరినవారిని శిక్షించకుండా అడ్డుకట్ట వేసింది.