గోల్ కానివి కూడా రాసిపెట్టండి

చిరంజీవులకు ఆశీస్సులు.

ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తున్నంతసేపూ నోటుపుస్తకంలో ఏం రాసుకుంటారని మీరు అడిగారు. నేను రాసేది గోల్ ఛాన్సుల లెక్క. ఏ జట్టుకు గోల్ కొట్టే అవకాశం ఎన్నిసార్లు వచ్చింది, మైదానంలో ఎక్కడ వచ్చింది, ఆ అవకాశం ఎంత మంచిది అన్న సంగతులను వచ్చినవి వచ్చినట్టు రాసుకుంటూ పోతే, ఆట ముగిశాక స్కోరు చెప్పని విషయాలు కొన్ని ఆ పేజీలో కనిపిస్తాయి. దీనికి పెద్ద చదువులు అక్కర్లేదు, మీ ఎనిమిదో తరగతి లెక్కలు చాలు. కావలసిందల్లా ఓపిక, ఇంకా మన జట్టు మీద ఉన్న అభిమానాన్ని తొంభై నిమిషాలపాటు పక్కన పెట్టగలగడం. ఈ రెండోదే కష్టం.

ముందుగా ఈ లెక్క అవసరం ఎందుకు వచ్చిందో చెబుతాను. మీరు రోజూ చూసే క్రికెట్‌లో పరుగులు వందల్లో వస్తాయి కాబట్టి, ఒక బంతి బ్యాటు అంచుకు తగిలి బౌండరీకి పోయినా, ఒక క్యాచ్ చేజారినా, మిగిలిన బంతుల్లో ఆ తేడా చాలావరకు సర్దుకుపోతుంది. ఫుట్‌బాల్‌లో ఆ వెసులుబాటు లేదు. 2022 ప్రపంచకప్‌లో 64 మ్యాచ్‌లకు కలిపి పడిన గోల్స్ 172, అంటే మ్యాచ్‌కు సగటున మూడు కూడా లేవు. పది షాట్లు కొడితే ఒకటి గోల్ కావడం మామూలు. అంత తక్కువ గోల్స్ పడే ఆటలో బంతి ఎవరి మోకాలికో తగిలి దారి మళ్లినా, స్తంభానికి కొట్టుకొని బయటికి పోయినా ఫలితమే తలకిందులవుతుంది. అందువల్ల గెలవడానికీ బాగా ఆడడానికీ మధ్య ఫుట్‌బాల్‌లో ఉన్నంత దూరం ఇంకే పెద్ద ఆటలోనూ లేదని నా అభిప్రాయం. హాకీ అభిమానులు ఒప్పుకోకపోవచ్చు.

అదే ప్రపంచకప్‌లో నవంబరు 22న ఖతార్‌లోని లుసైల్ స్టేడియంలో జరిగిన ఆటను తీసుకుందాం. అంతకుముందు 36 మ్యాచ్‌లుగా ఓటమి ఎరుగని అర్జెంటీనా ఆ రోజు సౌదీ అరేబియా చేతిలో 1-2తో ఓడిపోయింది. పదో నిమిషంలో మెస్సి పెనాల్టీని (గోల్ దగ్గర ఎదుటి జట్టు తప్పు చేసినందుకు, గోల్‌కీపర్ ఒక్కడే అడ్డుండగా కొట్టనిచ్చే షాట్) గోల్ చేశాడు. ఆ తర్వాత మొదటి సగంలోనే అర్జెంటీనా ఆటగాళ్లు మరో మూడుసార్లు బంతిని వలలోకి పంపారు గానీ మూడూ ఆఫ్‌సైడ్‌గా తేలాయి, అంటే బంతి అందించిన క్షణానికి మన ఆటగాడు గోల్‌కీపర్ కాక ఎదుటి జట్టు చివరి మనిషిని దాటి ముందుకు పోయి ఉంటే ఆ గోల్ చెల్లదు. రెండో సగం మొదలైన కాసేపటికే, 48వ నిమిషంలో సలేహ్ అల్ షెహ్రీ, 53వ నిమిషంలో సలేం అల్ దౌసరి చెరో గోల్ కొట్టారు. మ్యాచ్ మొత్తంలో సౌదీ కొట్టిన షాట్లు మూడే, అందులో రెండు గోల్స్. అర్జెంటీనా పదిహేను దాకా కొట్టినా పెనాల్టీ గోల్ ఒక్కటే మిగిలింది.

ఇలాంటి మ్యాచ్‌కు నా పేజీ ఎలా ఉంటుందో చెబుతాను. పేజీని నిలువుగా రెండు చేసి చెరో సగం ఒక్కో జట్టుకు ఇస్తాను. ఛాన్స్ వచ్చినప్పుడల్లా నిమిషం, ఆటగాడి చొక్కా నంబరు, కాలితో కొట్టాడా తలతో కొట్టాడా అన్నది రాసి, పక్కన ఒక అక్షరం పెడతాను. పెనాల్టీకి ‘పె’. గోల్‌కీపర్ తప్ప ఎదురుగా ఎవరూ లేని ఛాన్సుకు ‘అ’. పెనాల్టీ బాక్సు (గోల్ ముందు గీసిన పెద్ద దీర్ఘచతురస్రం) లోపలి నుంచే అయినా డిఫెండర్ల (గోల్‌ను కాచే ఆటగాళ్ల) మధ్య కొట్టవలసి వచ్చినదానికి ‘ఆ’. బాక్సు బయటి నుంచి కొట్టినదానికి ‘ఇ’. ఆట అయ్యాక వీటికి మార్కులు వేస్తాను. ప్రపంచంలో పెద్ద పోటీలన్నిటా పెనాల్టీలు నాలుగింటికి మూడు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువగా గోల్ అవుతాయి గనుక ‘పె’కు 75 మార్కులు. ‘అ’కు 40, ‘ఆ’కు 10, ‘ఇ’కి 3. ఈ చివరి మూడూ నేను వాడుకునే మోటు అంకెలే. వంద మార్కులు కలిస్తే ఆ జట్టు ఒక గోల్‌కు సరిపడా ఛాన్సులు సృష్టించుకుందని అర్థం. టీవీలో ఎక్స్‌జీ (ఎక్స్‌పెక్టెడ్ గోల్స్, అంటే ఛాన్సులను బట్టి రావలసిన గోల్స్) అని చూపించే అంకె ఇదే పని చేస్తుంది. కాకపోతే దాని వెనక లక్షల షాట్ల చరిత్ర, కంప్యూటరు లెక్క ఉంటాయి.

ఈ పద్ధతిలో సౌదీ కొట్టిన రెండు గోల్స్‌కూ పడేది పదేసి మార్కులే. ముఖ్యంగా రెండోది, అల్ దౌసరి బాక్సు ఎడమ మూల దగ్గర మనుషుల మధ్య తిరిగి, కుడికాలితో దూరపు పైమూలకు వంచి కొట్టిన షాట్, ఎంత అందమైనదో అంత అరుదైనది. అలాంటి చోటు నుంచి మళ్లీ మళ్లీ కొడితే చాలావరకు పైకి పోతాయి, లేదా గోల్‌కీపర్ చేతిలో పడతాయి. అంటే ఐదో వంతు గోల్‌కు సరిపడా ఛాన్సులతో సౌదీ రెండు గోల్స్ సంపాదించుకుంది. అలాగని అదంతా అదృష్టమేనని కొట్టిపారేస్తే మీ పేజీ అబద్ధం చెప్పినట్టే. ఆ రోజు అర్జెంటీనా పదిసార్లు ఆఫ్‌సైడ్‌లో చిక్కింది. సౌదీ కోచ్ హెర్వే రెనార్ తన డిఫెండర్ల వరుసను గోల్‌కు బాగా దూరంగా, మైదానం మధ్యకు జరిపి నిలబెట్టడం వల్ల జరిగిన పని అది. ఆఫ్‌సైడ్‌లను ఛాన్సుల కింద కలపకూడదు గానీ, పేజీ అడుగున వేరే గడిలో తప్పకుండా రాయాలి. లేకపోతే గెలిచిన జట్టు పడ్డ శ్రమలో సగం మీ కంటికి ఆనదు.

ఆ తర్వాత జరిగింది చూడండి. నాలుగు రోజులకు పోలండ్‌తో ఆడినప్పుడు సౌదీయే ఎదుటివారి కంటే ఎక్కువ షాట్లు కొట్టింది, మొదటి సగం చివర అల్ దౌసరికి పెనాల్టీ కూడా దొరికింది. దాన్ని గోల్‌కీపర్ ష్చెన్స్నీ ఆపేశాడు, సౌదీ 0-2తో ఓడింది. మూడు షాట్లతో గెలిచిన జట్టు, అంతకంటే చాలా ఎక్కువ కొట్టి ఓడిపోయింది. అర్జెంటీనా డిసెంబరు 18న కప్పు ఎత్తింది.

మార్కులు ఇలా ఎందుకు తగ్గుతాయో మీరే చూసుకోవచ్చు. గ్రాఫ్ పేపరు మీద మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున గోల్‌ను గీయండి. గోల్ వెడల్పు 7.32 మీటర్లు. సరిగ్గా దాని మధ్యకు ఎదురుగా, 11 మీటర్ల దూరంలో ఉన్న పెనాల్టీ చుక్క నుంచి రెండు స్తంభాలకూ గీతలు గీసి కోణమానినితో కొలిస్తే దాదాపు 37 డిగ్రీలు వస్తుంది. అంతే నేరుగా గోల్‌కు 22 మీటర్ల దూరానికి వెళితే 19కి పడిపోతుంది. ఇప్పుడు గోల్ గీతకు 5.5 మీటర్ల దూరంలోనే, అయితే మధ్య నుంచి 15 మీటర్లు పక్కకు జరిగి కొలవండి. అంత దగ్గరికి వచ్చినా కోణం 10 డిగ్రీలు ఉండదు. టీవీలో అది గోల్ పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది, వ్యాఖ్యాత గొంతు పెంచుతాడు, మనం కుర్చీలోంచి లేస్తాం. నిజానికి కొట్టేవాడి కంటికి కనిపించేది సన్నని సందు. ఆ సందులోనూ గోల్‌కీపర్ నిలబడి ఉంటాడు.

మార్కులు కూడేటప్పుడు ఒక చిక్కు ఉంది. ఒక జట్టుకు సగానికి సగం గోల్ అయ్యే ఛాన్సులు రెండు వచ్చాయనుకుందాం. ఇంకో జట్టు పదింటికి ఒకటి గోల్ అయ్యే షాట్లు పది కొట్టిందనుకుందాం. కూడితే రెండింటికీ వందే. అయితే మొదటి జట్టు ఒక్క గోల్ కూడా లేకుండా మిగిలిపోవడం నూటికి 25 సార్లు జరుగుతుంది, రెండో జట్టుకు నూటికి దాదాపు 35 సార్లు. 0.9ని పదిసార్లు హెచ్చవేసి చూస్తే మీకే తెలుస్తుంది. అందుకే పేజీ చివర మొత్తం ఒక్కటే రాసి ఊరుకోకుండా, ‘అ’లు ఎన్ని, ‘ఇ’లు ఎన్ని అన్నది కూడా విడిగా రాయండి. దూరం నుంచి బాదుతూ కూర్చునే జట్టు తీరు అక్కడే బయటపడుతుంది.

అక్షరం పెట్టే సమయం గురించి కచ్చితమైన నియమం ఒకటి పెట్టుకోవాలి. షాట్ కొట్టిన క్షణానికి ముందు ఏముందో దాన్ని బట్టే అక్షరం పెట్టాలి, తర్వాత ఏమైందో దాన్ని బట్టి పెట్టకూడదు. బంతి వలలో పడ్డాక ప్రతి ఛాన్సూ ‘అ’లాగే తోస్తుంది, గోల్‌కీపర్ ఆపాక అంత గొప్ప ఛాన్సేమీ కాదులే అనిపిస్తుంది. అదే ప్రపంచకప్ ఫైనల్లో అదనపు సమయం కూడా ముగిసిపోతున్న వేళ ఫ్రాన్స్ ఆటగాడు కోలో మువానీ ఒంటరిగా అర్జెంటీనా గోల్‌కీపర్ ఎమిలియానో మార్టినెజ్ ఎదుటికి వచ్చి కొట్టిన షాట్‌ను మార్టినెజ్ ఎడమకాలు చాచి ఆపాడు. అది కళ్లు మూసుకొని ‘అ’ పెట్టవలసిన ఛాన్స్. ఆపిన ఘనత గోల్‌కీపర్‌ది గనుక అతని పేరు పక్కన రాయాలి గానీ, ఛాన్స్ విలువ తగ్గించకూడదు. అలాగే మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌పై గెలిచి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు అందుకున్న ఫైనల్లో, 88వ నిమిషంలో స్కోరు సమం చేసిన సాహిల్ తవోరా వాలీ (బంతి నేలను తాకకముందే కొట్టే షాట్) బాక్సు బయటి నుంచి కొట్టింది. మనకు ఎంత ఆనందం కలిగించినా దానికి ‘ఇ’ పెట్టవలసిందే. ఆ తర్వాత హైదరాబాద్ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపిన షూటవుట్‌కైతే ఈ పేజీలో చోటే లేదు, అది ఆట ముగిశాక జరిగే వేరే పరీక్ష.

షాట్ దాకా రాని ఛాన్సులను కూడా వదలకండి. గోల్ ముందు నుంచి అడ్డంగా దొర్లిన బంతికి ఎవరి కాలూ అందకపోతే అది షాట్ల లెక్కలోకి రాదు, మామూలు ఎక్స్‌జీలోకీ రాదు. కానీ కళ్లారా చూసిన మనకు అది ప్రమాదమని తెలుసు. దానికి చుక్క పెట్టుకోండి. మనలాంటి అభిమాని కంప్యూటరు లెక్కకు ఏమైనా చేర్చగలిగితే ఇక్కడే చేర్చగలడు. ప్రతి ఛాన్స్ పక్కన అప్పటి స్కోరు కూడా ఉండాలి. ముందంజలో ఉన్న జట్టు వెనక్కి తగ్గి గోల్‌ను కాచుకుంటుంది, వెనకబడ్డ జట్టు తెగించి దాడికి దిగుతుంది. సౌదీతో ఆటలో 53వ నిమిషం తర్వాత అర్జెంటీనా కొట్టిన షాట్లలో కొన్ని ఆ స్కోరు వల్ల వచ్చినవే. స్కోరు సమంగా ఉన్నప్పుడు ఎవరికి మంచి ఛాన్సులు వచ్చాయో విడిగా కూడుకుంటే జట్ల సత్తా మరింత స్పష్టంగా తెలుస్తుంది.

ఈ పనిలో మనకంటే చాలా ముందే కూర్చున్న మనిషి ఒకాయన ఉన్నాడు. బ్రిటన్ వైమానిక దళంలో లెక్కల విభాగంలో పనిచేసిన చార్లెస్ రీప్, 1950 మార్చి 18న స్విండన్ టౌన్, బ్రిస్టల్ రోవర్స్ ఆడుతుండగా రెండో సగం నుంచి పెన్సిలుతో ప్రతి దాడినీ రాయడం మొదలుపెట్టి, ఆ తర్వాత దశాబ్దాలపాటు వేల దాడులు రాశాడు. 1968లో బెర్నార్డ్ బెంజమిన్‌తో కలిసి రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో వ్యాసం కూడా వేశాడు. గోల్స్‌లో 80 శాతం దాకా మూడు లేదా అంతకంటే తక్కువ పాసుల తర్వాతే వచ్చాయని ఆయన లెక్క తేల్చింది. దాన్నిబట్టి, బంతిని వీలైనంత త్వరగా ముందుకు బాదడమే మేలని ఆయన నమ్మాడు, చాలామంది కోచ్‌లూ నమ్మారు. ఆయన రాసిన అంకెల్లోనే అందుకు జవాబు ఉంది. అసలు మొత్తం దాడుల్లో 90 శాతం పైగా మూడు పాసులకే ఆగిపోయేవి. 90 శాతం దాడుల నుంచి 80 శాతం గోల్స్ వస్తే, మిగిలిన 10 శాతం లోపు పొడవైన దాడులే 20 శాతం గోల్స్ ఇచ్చాయి కదా! దాడికి ఇన్ని గోల్స్ అని చూస్తే పొడవైనవే రెట్టింపు కంటే ఎక్కువ ఫలించాయి. రీప్ ఓపికకు నేను దండం పెడతాను. ఆయన పుస్తకాల్లో లోపం లేదు, భాగించవలసిన చోట భాగించకపోవడంలోనే ఉంది.

ఒక్క మ్యాచ్ పేజీతో జట్టు గురించి తీర్పు చెప్పడం కూడా ఇలాంటిదే. 2014-15లో జర్మనీ లీగ్‌లో యూర్గెన్ క్లాప్ శిక్షణలోని బొరుసియా డార్ట్‌మండ్, సగం సీజను అంటే 17 మ్యాచ్‌లు ముగిసేసరికి 15 పాయింట్లతో 18 జట్లలో 17వ స్థానంలో ఉంది. అంతకు మూడు నాలుగేళ్ల ముందు వరుసగా రెండుసార్లు ఛాంపియన్ అయిన జట్టు అది. పాయింట్ల పట్టిక చూసినవారికి క్లాప్ పని అయిపోయిందనిపించింది. ఛాన్సుల లెక్క చూసినవారికి అలా అనిపించలేదు, ఎందుకంటే ఆ జట్టు సృష్టించుకున్నవి, ఎదుటివారికి ఇచ్చినవి పోల్చితే స్థానం అంత కింద ఉండవలసింది కాదు. రెండో సగంలో పుంజుకొని ఏడో స్థానంలో ముగించింది. లివర్‌పూల్ క్లబ్‌లో లెక్కల పని చూసిన ఇయాన్ గ్రాహం, భౌతికశాస్త్రం చదివినవాడు, డార్ట్‌మండ్ ఆటను ఈ కోణంలోనే పరిశీలించాడు. 2015 అక్టోబరులో లివర్‌పూల్ క్లాప్‌ను కోచ్‌గా తెచ్చుకుంది.

మీరు మొదలుపెట్టేటప్పుడు మీకు అంతగా పట్టని రెండు జట్ల మ్యాచ్ ఎంచుకొని, మొదటి సగం మాత్రమే రాయండి. ఇద్దరు కలిసి కూర్చుంటే ఒకరి పేజీ ఒకరు చూడకుండా రాసి, విరామంలో పోల్చుకోండి. ఇద్దరికీ వేరువేరు అక్షరాలు వచ్చిన షాట్లు కొన్ని తప్పకుండా ఉంటాయి, వాటిని కొట్టేసి దిద్దకుండా నిమిషం చుట్టూ సున్నా చుట్టి అలాగే ఉంచండి. ఐదారు మ్యాచ్‌లు అయ్యాక పేజీలు నాకు పంపితే, సున్నా చుట్టినవాటిని నేనూ చూసి నా అక్షరం పక్కన రాసి తిప్పి పంపుతాను.

ఇట్లు,
మీ పెద్దతాతయ్య