కెటిల్, బొటనవేళ్ళు, కేకు: ప్రపంచ చరిత్రలో అపోహలు - వాస్తవాలు

విజయవాడలో డీఎస్సీ సోషల్‌కి, సివిల్స్‌కి ప్రిపేరయ్యే వాళ్ళకి ప్రపంచ చరిత్ర చెప్తుంటానండి. పారిశ్రామిక విప్లవం, వలస పాలన, ఫ్రాన్స్, రష్యా, ఈ చాప్టర్లకి వచ్చేసరికి క్లాసులో అందరికీ ముందే అన్నీ తెలిసిపోయి ఉంటాయి, నాకు తలనొప్పి అక్కడే. ఎవడో ఒకడు కనిపెట్టాడు, ఎవడో ఒకడు నరికాడు, ఎవరో ఒకావిడ నోరు జారింది, తెల్లారేసరికి ప్రపంచం మారిపోయింది. బిట్ బ్యాంకులు, షార్ట్స్ వీడియోలు కలిపి చరిత్రని ఇలా తయారుచేశాయి. ఎక్కువగా వినేవి కొన్ని ఇక్కడ పెడుతున్నా.

అపోహ: కెటిల్ మూత ఎగరడం చూసి జేమ్స్ వాట్ ఆవిరి ఇంజన్ కనిపెట్టాడు

వాట్ పుట్టింది 1736లో. థామస్ న్యూకమెన్ ఇంజన్ 1712 నుంచే గనుల్లో నీళ్ళు తోడుతోంది! గ్లాస్గో యూనివర్సిటీలో పరికరాలు బాగుచేసే పని చేసుకుంటున్న వాట్ దగ్గరికి 1763-64 ప్రాంతంలో ఆ న్యూకమెన్ ఇంజన్ చిన్న మోడల్ ఒకటి రిపేరుకొచ్చింది. అది పనిచేసే తీరు ఏంటంటే, సిలిండర్‌లోకి ఆవిరి ఎక్కించి, అదే సిలిండర్‌లోకి చన్నీళ్ళు చిమ్మితే ఆవిరి నీళ్ళైపోయి లోపల శూన్యం ఏర్పడుతుంది, పిస్టన్ కిందికి దిగుతుంది. అంటే ప్రతిసారీ సిలిండర్‌ని వేడెక్కించు, చల్లార్చు, మళ్ళీ వేడెక్కించు, బొగ్గంతా దానికే పోయేది. ఆవిరిని చల్లార్చే పనిని విడిగా వేరే డబ్బాలో పెట్టాలన్నది వాట్ ఆలోచన. 1769లో పేటెంటు వచ్చింది గానీ ఇంజన్ మార్కెట్లోకి రావడానికి 1776 దాకా పట్టింది, ఎందుకంటే ఆవిరి లీకవ్వకుండా సిలిండర్‌ని గుండ్రంగా తొలిచే యంత్రం కావాలి, అది జాన్ విల్కిన్సన్ చేశాడు, డబ్బు బర్మింగ్‌హామ్ వ్యాపారి మాథ్యూ బోల్టన్ పెట్టాడు. ఇంకో సంగతి, బొగ్గు చవగ్గా దొరికే గనుల దగ్గర పాత న్యూకమెన్ ఇంజన్లే చాలాకాలం నడిచాయి, కొత్తదానికి డబ్బులు దండగనుకున్నారు వాళ్ళు.

అపోహ: ఇంగ్లీషోళ్ళు మన నేతగాళ్ళ బొటనవేళ్ళు నరికేశారు, మన బట్టల పని అక్కడితో అయిపోయింది

ఇది అపోహ అని చెప్తే క్లాసులో గొడవైపోద్ది, సార్ మీరు ఇంగ్లీషోళ్ళ తరఫున మాట్లాడుతున్నారేంటి అంటారు. కాస్త ఆగండి. ఈ కథకి మూలం విలియం బోల్ట్స్ అని, ఈస్టిండియా కంపెనీలోనే పనిచేసి దాంతో చెడి బయటికొచ్చినాయన 1772లో రాసిన మాట. బెంగాల్‌లో పట్టుదారం తీసేవాళ్ళు, బలవంతంగా పని చేయించకుండా ఉండాలని తమ బొటనవేళ్ళు తామే కోసుకున్నారని రాశాడాయన. కంపెనీ గుమాస్తాలు చేతిలో అడ్వాన్సు కుక్కి, ఒప్పుకోకపోతే కట్టేసి కొట్టి, సరుక్కి బజారు రేటు కన్నా బాగా తక్కువ కట్టేవాళ్ళని కూడా ఆయనే రాశాడు. మనిషి తన వేలు తానే కోసుకునేదాకా వచ్చాడంటే ఇంగ్లీషోళ్ళు ఇందులో మంచోళ్ళుగా తేలేదేముంది చెప్పండి, అసలు సంగతి కథకన్నా ఘోరంగానే ఉంది.

ఇక మన బట్టలు. కలంకారీ, అద్దకం బట్టలు మచిలీపట్నం రేవు నుంచి ఓడలకెక్కి పోతుంటే ఇంగ్లాండ్‌లో ఉన్ని, పట్టు నేతగాళ్ళు తిరగబడ్డారు, దాంతో 1700లోనూ 1721లోనూ చట్టాలు చేసి మన అద్దకం బట్టల్ని అక్కడ అమ్మనీకుండా కట్టనీకుండా చేశారు. 1721 చట్టం తీసేసింది 1774లో, అప్పటికి వాళ్ళ మిల్లులు లేవడం మొదలైంది. ఆ తరవాత 1800 దాటాక మన బట్ట మీద 70-80 శాతం దాకా సుంకం, వాళ్ళ మిల్లు బట్ట ఇక్కడికొస్తే నామమాత్రపు సుంకం. ఫ్రీ ట్రేడ్ అని పాఠాలు చెప్పినోళ్ళు చేసిన పని ఇదీ.

అయితే యంత్రం దెబ్బ ముందు తగిలింది మగ్గానికి కాదు, రాట్నానికి. హార్‌గ్రీవ్స్ జెన్నీ, ఆర్క్‌రైట్ వాటర్ ఫ్రేమ్, క్రాంప్టన్ మ్యూల్, ఇవన్నీ వడికే యంత్రాలే. ఇళ్ళల్లో ఆడవాళ్ళు నూలు వడికి సంపాదించుకునే నాలుగు రాళ్ళు ముందు పోయాయి, వాళ్ళ గురించి ఏ మెటీరియల్‌లోనూ ఒక్క లైను ఉండదు. నేతగాళ్ళేమో చవగ్గా వచ్చే మిల్లు నూలు కొనుక్కుని నేస్తూ చాలాచోట్ల నిలదొక్కుకున్నారు. నమ్మకపోతే బస్సెక్కి మంగళగిరి వెళ్ళండి. మగ్గం దగ్గర చిలపలు, అంటే నూలు చుట్టలు, విప్పి చూస్తే అది స్పిన్నింగ్ మిల్లు నుంచి వచ్చిన నూలు, 80 కౌంటో 100 కౌంటో (నూలు ఎంత సన్నమో చెప్పే అంకె) లేబుల్ మీద రాసుంటుంది. నేసే చెయ్యి మాత్రం మనిషిదే. మర మగ్గాలొచ్చి ఇంగ్లాండ్‌లోని లాంకషైర్‌లో తెల్ల చేనేతవాళ్ళ కూలి కూడా పడిపోయి వాళ్ళూ పస్తులున్నారు, ఈ ముక్క చెప్తే మాత్రం క్లాసు నిశ్శబ్దంగా వింటుంది.

అపోహ: ఆనకట్ట, రైలు ఇంగ్లీషోళ్ళ దయ

మా ఊళ్ళో బ్యారేజీ మీద నిలబడి ఈ మాట అనేవాళ్ళు కోకొల్లలు. 1832-33 నందన కరువులో, అదే డొక్కల కరువు, గుంటూరు జిల్లా జనంలో సుమారు మూడో వంతు పోయారు. శవాలు తీసేవాళ్ళు లేరు, దున్నేవాళ్ళు లేరు, శిస్తు కట్టేవాళ్ళు లేరు. ఆర్థర్ కాటన్ లాంటి ఇంజనీర్లు ఏళ్ళ తరబడి మొత్తుకుంటే, 1852లో పని మొదలెట్టి 1855కి బెజవాడ దగ్గర ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య ఆనకట్ట పూర్తిచేశారు, దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఓర్. కాటన్ మనసులో జాలి లేదనను, కానీ ఆ జాలి కంపెనీ చెవికెక్కాలంటే ఎన్ని ఎకరాలు తడిస్తే ఎంత శిస్తు పెరుగుతుందో లెక్క కట్టి చూపించాల్సి వచ్చింది. కరువుకీ ఆనకట్టకీ మధ్య ఇరవై ఏళ్ళు, ఆ గ్యాపే చాలు ఏది ముందో ఏది వెనకో తెలియడానికి. డెల్టా పండింది నిజమే, ఆ తిండి మనం ఇప్పటికీ తింటున్నాం, అదీ నిజమే. రైళ్ళ సంగతి ఇంకా తేలిక. ఇంగ్లాండ్‌లో రైల్వే షేర్లు కొన్నవాళ్ళకి ఏటా 5 శాతం రాబడి గ్యారంటీ, లాభం రాకపోతే ఆ తేడా మన పన్నుల్లోంచి కట్టారు.

అపోహ: రొట్టె లేకపోతే కేకు తినమంది రాణి, అందుకే ఫ్రెంచి విప్లవం

అనలేదు. ఆ మాట ఎవరో గొప్పింటావిడ అందని తత్వవేత్త రూసో రాసేనాటికి ఈ రాణి, మేరీ ఆంటోనెట్, ఆస్ట్రియాలో చిన్నపిల్ల, ఫ్రాన్స్ మొహం చూసింది 1770లో. ఖైదీల్ని విడిపించడానికే జనం పారిస్‌లో బాస్టీల్ జైలు మీద పడ్డారన్న కథ కూడా అంతే, 1789 జులై 14న లోపలున్న ఖైదీలు ఏడుగురు, జనం పోయింది తుపాకీ మందు కోసం.

నన్నడిగితే ఈ చాప్టర్లో అసలు చదవాల్సింది కరీబియన్ దీవుల్లోని హైతీ, దానికి మన నోట్సుల్లో రెండు లైన్లు కూడా ఉండవు. అప్పట్లో దాన్ని సాన్ డొమింగ్ అనేవాళ్ళు, ఫ్రాన్స్‌కి చక్కెర, కాఫీ పండించి పెట్టే బంగారు బాతు. మనుషులంతా సమానమని పారిస్‌లో ప్రకటించి రెండేళ్ళు తిరక్కుండానే, 1791లో అక్కడి బానిసలు లేచారు. 1794లో ఫ్రాన్స్ బానిసత్వం రద్దు చేసింది, 1802లో నెపోలియన్ మళ్ళీ తెచ్చాడు, అతని సైన్యాన్ని ఓడించి 1804 జనవరి 1న స్వతంత్రం ప్రకటించుకున్నారు. ఆ తరవాత 1825లో ఫ్రాన్స్ యుద్ధ నౌకలు పంపి, మీ వల్ల మా యజమానులు నష్టపోయారు కాబట్టి 15 కోట్ల ఫ్రాంకులు కట్టండి అంది. 1838లో 9 కోట్లకి తగ్గించారు. దానికోసం చేసిన అప్పులు తీర్చుకుంటూ 20వ శతాబ్దంలోకి వచ్చింది ఆ దేశం.

అపోహ: బెర్లిన్‌లో స్కేలు పెట్టి ఆఫ్రికా పంచుకున్నారు

1884-85 బెర్లిన్ సమావేశంలో 14 దేశాలు కూర్చున్నాయి, ఆఫ్రికా వాడు ఒక్కడూ లేడు, ఇంతవరకు కరెక్టే. కానీ అక్కడ తేల్చుకున్నది కాంగో, నైజర్ నదుల మీద వ్యాపారం, తీరంలో కొత్తగా జాగా పట్టేవాడు పాటించాల్సిన రూల్సు. సరిహద్దు గీతలు ఎక్కువ భాగం తరవాత ఏళ్ళలో ఇద్దరిద్దరు కూర్చుని రాసుకున్న ఒప్పందాల్లోవి. లోపలికి వెళ్ళగలిగారంటే మలేరియాకి క్వినైన్, నదుల్లో ఆవిరి పడవలు, చేతిలో మాగ్జిమ్ గన్ అనే మెషిన్ గన్. అన్ని ఉన్నా 1896లో అడువా దగ్గర ఇథియోపియా ఇటలీని చిత్తుగా కొట్టింది.

అపోహ: లెనిన్ జార్‌ని దించేశాడు

రష్యా చక్రవర్తి జార్ దిగిపోయిన రోజు లెనిన్ స్విట్జర్లాండ్‌లో ఉన్నాడు! 1917 మార్చి 8న అప్పటి రాజధాని పెట్రోగ్రాడ్‌లో బట్టల మిల్లుల ఆడవాళ్ళు రొట్టె కోసం రోడ్డెక్కారు, వారంలో మార్చి 15కి జార్ గద్దె దిగాడు. లెనిన్ ఏప్రిల్‌లో వచ్చాడు. నవంబర్ 7న లెనిన్ పార్టీ బోల్షివిక్కులు కూలదోసింది జార్ తరవాత వచ్చిన కెరెన్‌స్కీ తాత్కాలిక ప్రభుత్వాన్ని. రష్యా పాత క్యాలెండర్ 13 రోజులు వెనక నడిచేది కాబట్టి మార్చిది ఫిబ్రవరి విప్లవం, నవంబర్‌ది అక్టోబర్ విప్లవం అయ్యాయి, ఆప్షన్లలో అక్టోబర్ 25, నవంబర్ 7 రెండూ కనిపిస్తే కంగారుపడకుండా ప్రశ్నలో ఏ క్యాలెండర్ అడిగాడో చూసి టిక్కు పెట్టండి.